ఏడు నాటికల సంగతి

ఒరేయ్ శ్రీనూ,

విడివిడి హాస్య నాటికలు ఏడు రాసి సిరీస్‌గా తీస్తానన్నావు కదా, కలం పట్టుకునే ముందు బ్రిటిష్ హాస్యనటుడు రోనీ బార్కర్ ‘సెవెన్ ఆఫ్ వన్’ చూడరా. 1973లో బీబీసీ2లో వచ్చింది. ఏడంటే ఏడే, ఒక్కోటీ అరగంట. కథలు వేరు, పాత్రలు వేరు, రచయితలూ ఒక్కరు కాదు. అన్నింట్లో ముఖ్యపాత్ర మాత్రం బార్కరే. ఏడు వారాల్లో ముగిసిందని తేలిగ్గా తీసేయకు. అది నారుమడి. ఏ పాత్ర నిలబడుతుందో చూసుకుని, దాన్ని విడిగా నాటుకోవడానికే వేశారు. అలా బార్కర్‌కి రెండు దక్కాయి: ‘ఓపెన్ ఆల్ అవర్స్’, ‘ప్రిజనర్ అండ్ ఎస్కార్ట్’. ఈ రెండోదే 1974లో ‘పారిడ్జ్’ అనే సిరీస్ అయింది.

‘ప్రిజనర్ అండ్ ఎస్కార్ట్’ను మాత్రం కాగితం పెట్టుకుని చూడు. డిక్ క్లెమెంట్, ఇయన్ లా ఫ్రెనే రాశారు. ఫ్లెచర్ అనే ఖైదీని ఇద్దరు వార్డర్లు దూరపు జైలుకి తీసుకెళ్తుంటారు. మెకే కర్కోటకుడు, బారక్లో మెత్తనివాడు. ఒంటేలుకని వ్యాన్ దిగిన ఫ్లెచర్ పెట్రోల్ ట్యాంకులోనే కానిచ్చేస్తాడు! కాసేపటికి బండి ఆగిపోతుంది. మెకే సాయం కోసం నడిచి వెళ్తాడు. పాడుబడ్డ ఇంట్లో ఫ్లెచర్, బారక్లో మిగులుతారు. చూశావా, ఒక్క కొంటెపనితో బండి ఆగింది, గట్టివాడు తప్పుకున్నాడు, మెత్తనివాడు చేతికి చిక్కాడు. తర్వాత ఫ్లెచర్ పారిపోయి, చీకట్లో తిరిగి తిరిగి మళ్లీ ఆ ఇంట్లోకే దూరతాడు. ఎంత బాగా అల్లారో!

బార్కర్‌తో మిగతావి ఎందుకు సాగలేదంటావా? ‘వన్ మ్యాన్స్ మీట్’లో భార్య మొగుణ్ని ఒకరోజు పస్తుంచుతుంది. రోజు గడిస్తే కథ సరి. ‘ఓపెన్ ఆల్ అవర్స్’లో కొట్టు నడిపే పిసినారి ఆర్క్‌రైట్, అతని కింద నలిగే గ్రాన్‌విల్ అలా కాదు. కథ అయిపోయినా తెల్లారి కొట్టు తెరవాల్సిందే, ఇద్దరూ అక్కడే ఉండాల్సిందే. నీ ఏడు కథలకీ ఇదే పరీక్ష పెట్టు: మర్నాడు పొద్దున వీళ్లు మళ్లీ ఒకరి మొహం ఒకరు చూసుకోక తప్పదా?

నవ్వంతా మాటల్లోనే పెట్టకు. ఆర్క్‌రైట్ కొట్లో గల్లాపెట్టె సొరుగు వేళ్లు కొరికేలా మూసుకుంటుంది. డైలాగు అక్కర్లేకుండానే ప్రతిసారీ పండుతుంది. ఇంకోటి, అదే నాటికలో నర్సు గ్లాడిస్‌గా వేసింది షీలా బ్రెన్నన్. 1976లో సిరీస్ అయ్యేసరికి లిండా బారన్ వచ్చింది. పాత్ర బాగుండి మనిషి నప్పకపోతే మార్చడానికి మొహమాటపడకు.

అసలు చిక్కు ఖర్చు. ప్రతి నాటికకీ కొత్త సెట్టు, కొత్త దుస్తులు, కొత్త మనుషులు. పైగా ప్రేక్షకుడు ప్రతివారం మొదటినుంచీ పరిచయం చేసుకోవాలి. అందుకే మొదటి మూడు నిమిషాల్లో ఎవరు, ఎక్కడ, ఏం కావాలి అన్నది తేలిపోవాలి. నాలుగో నిమిషానికీ పరిచయాలే నడుస్తుంటే కోసెయ్. మనుషుల ఖర్చుకి దారి 1989లో దూరదర్శన్‌లో హాస్యనటుడు జస్పాల్ భట్టీ చూపించాడు. ‘ఫ్లాప్ షో’ పది భాగాల్లోనూ కథ మారినా భట్టీ, సవితా భట్టీ, వివేక్ షౌక్ లాంటి మొహాలే తిరిగొస్తాయి. నువ్వూ నలుగురు గట్టి నటుల్ని పట్టుకుని, అన్ని వేషాలూ వాళ్లకే పంచు.

ఒకే గదిలో, ముగ్గురితో నడిచే రెండు నాటికలు ముందు రాసి పంపరా. మిగతా ఐదింటి మాట అవి చదివాక చూద్దాం.

నీ
రఘు