సంచి అడుగున రసీదు

బిడ్డా,

రాత్రి పదకొండింటికి నువ్వు పెట్టిన మెసేజి పొద్దున చూసిన. "నాన్నా, ఆ అవ్వకు నేను చెప్పింది తప్పా?" ఒక్క ముక్కే రాసినవు. ఫోన్‌లో టైపు కొట్టి జవాబు చెప్పేటంత చిన్న ముచ్చట కాదది, పైగా నా వేళ్లకు ఆ కీబోర్డు లొంగదు. పోయినేడాది డైరీలో మిగిలిన తెల్ల కాగితాల మీద రాసి, గుమస్తాతోని ఫొటోలు తీయించి పంపుతున్న. పై మూలకు నంబర్లు వేసిన, వరుస చూసుకొని చదువు.

చట్టం ప్రకారం నువ్వు చెప్పింది ముమ్మాటికీ నిజం. నూరు రూపాయలు, ఆపైన విలువ చేసే భూమిని తెల్లకాగితం మీద అమ్మితే చెల్లదు, రిజిస్ట్రేషన్ ఉండాలె. అవ్వ సంచిలోంచి తీసిచ్చిన సాదా బైనామా, అదే ఆ తెల్లకాగితం అమ్మకం పత్రం, రెండు నిమిషాలు చదివి, "ఇది చెల్లదమ్మా, దీన్ని పట్టుకొని కోర్టుకు పోలేం" అన్నవు. ఆమె ఏమీ అనలేదు. కాగితాన్ని పాత మడతల మీదనే మళ్లీ మడిచింది. నేను అవతలి కుర్చీలో ఎవరితోనో ఫోన్ మాట్లాడుతున్నట్టు నటించిన. ఆమె ముందర నిన్ను కాదంటే రేపటి నుంచి కక్షిదార్లు నీ దిక్కు చూడరు, నా దిక్కే చూస్తరు. అందుకని ఊకున్న. కాజీపేట స్టేషన్‌ దాక నాతోని మాట్లాడకుండ వచ్చి గోల్కొండ ఎక్కినవు. స్నేహితురాలి పెండ్లికి పొయ్యేటప్పుడు అట్ల మొకం ముడుచుకొని పోతరా ఎవరన్న?

నిన్ను రైలెక్కించి తిరిగొచ్చేసరికి అవ్వ ఇంకా మన ముందు గది బెంచీ మీదనే ఉన్నది. పర్వతగిరి దిక్కు బస్సుకు ఇంకా టైముందని అమ్మ చాయ పోసి కూర్చోబెట్టింది. "అవ్వా, సంచిలో ఇంకేమన్న కాగితాలున్నయా?" అని అడిగిన. "ఏముంటయి సారూ, అన్ని గవ్వే" అనుకుంటనే బల్ల మీద కుమ్మరించింది. ఎరువుల దుకాణం ప్లాస్టిక్ కవరు, దాంట్లో ఇంకో కవరు, దానికి రెండు రబ్బరు బ్యాండ్లు. ఆధార్ జిరాక్సులు ఆరు, పింఛను పుస్తకం, పెనిమిటి మరణ ధ్రువపత్రం, గ్యాసు బుక్కు, మేడారం నుంచి తెచ్చుకున్న బండారి పొట్లం. భూమి ఎవరి సాగులో ఉన్నదో రాసే పహాణీ నకళ్లు నాలుగు, అనుభవదారు కాలంలో ఆమె పెనిమిటి పేరు. అన్నిటికంటే అడుగున ఎనిమిది మడతలు పెట్టిన మీసేవ రసీదు. మడతల కాడ అక్షరాలు వెలిసిపోయినయి గాని తారీఖు కనబడుతున్నది, 2020 నవంబరు.

నువ్వు గది తలుపు పెట్టుకొని చదివిన పుస్తకాల్లో ఈ సంగతి అంత వివరంగ ఉండకపోవచ్చు. 2014 జూన్ 2 కంటే ముందు తెల్లకాగితాల మీద భూములు కొన్నోళ్లు రెగ్యులరైజేషన్‌కు, అంటే తమ పేరు మీదికి చేయించుకునేటందుకు, పెట్టుకోవచ్చని 2020 అక్టోబరు 12 నుంచి నవంబరు 10 దాక దరఖాస్తులు తీసుకున్నరు. ఆ మధ్యలోనే ధరణి చట్టం అమల్లోకి వచ్చింది. దాంట్ల సాదా బైనామాకు జాగ లేదు. దరఖాస్తులన్నీ నడిమిట్ల ఆగిపోయినయి. మళ్లీ 2025లో భూభారతి చట్టం వచ్చినంక, అప్పట్ల పెట్టుకొని పెండింగ్‌లో ఉన్నోళ్లకు మాత్రం తలుపు తెరిచిండ్రు. విచారణ చేసేది ఆర్డీఓ. అంటే ఈ ముచ్చటలో సాదా బైనామా ఎంత ముఖ్యమో ఆ రసీదు అంతకంటే ముఖ్యం. అది లేకుంటే నీ జవాబే ఆఖరి జవాబు అయ్యేది.

ఆమె నిన్ను కోర్టుకు పోవచ్చా అని అడగలేదు బిడ్డా. "నా ఎకరం పది గుంటలు నా పేరు మీదికి వస్తదా" అని అడిగింది. నువ్వు నీకు తెలిసిన ప్రశ్నకు జవాబు చెప్పినవు.

నేను కూడా ఆమెకు అవుతదని చెప్పలేదు. దారి ఉన్నదని చెప్పిన, అంతే. అమ్మినాయన కొడుకులు నోటీసుకు ఏమంటరో, సరిహద్దు రైతులు సాక్ష్యానికి నిలబడతరో లేదో ఇప్పుడే ఎట్ల చెప్తం. "అవుతదని రాసిస్తవా సారూ" అని అడిగింది. రాసియ్యనన్న. తల ఊపింది. ఆమెకు న్యాయ సేవాధికార సంస్థ గురించి కూడా చెప్పిన. ఆడోళ్లకు ఆదాయంతోని పని లేకుండ అక్కడ వకీలును ఉచితంగ పెడతరు, ఎస్సీ ఎస్టీలకు కూడ అంతే. ఆ ముచ్చట నువ్వు కూడ ప్రతి ఒక్కరికి చెప్పాలె, మనకు కేసు పోతదని దాచొద్దు. అవ్వ మాత్రం నవ్వి, "ముఫత్‌ల వచ్చే వకీలు నాకొద్దు, పైసలు తీసుకుంటేనే నువ్వు యాది పెట్టుకుంటవ్" అన్నది. నాకు జవాబు దొరకలేదు.

సంచి కుమ్మరించే అలవాటు తాతది. ఆయన చదువంతా ఉర్దూలోనే సాగింది. నిజాం జమానా సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ, ఆ పాత భూమి రికార్డులన్నీ పేపరు చదివినట్టు చదివేటోడు. నాకు కూడబలుక్కొని చదివేటంత వచ్చు. నీకు అదీ రాదు. పాత కాగితం వస్తే తర్జుమా చేసేటాయన కోసం మండి బజారు దిక్కు తిరగాలె ఇప్పుడు. తాత వకాలత్‌నామా మీద సంతకం కంటే ముందు కక్షిదారు మూట విప్పించేటోడు. "వాళ్లకు పనికొచ్చే కాగితమేదో వాళ్లకు తెలిస్తే మన దగ్గరికెందుకొస్తరు రా" అనేటోడు.

ఇగ నీ తప్పు ఒక్కటే చెప్పి ఆపితే అన్యాయమైతది. నాది కూడ చెప్త. ఇది నీకు అమ్మ కూడ చెప్పి ఉండదు.

1997లో, నర్సంపేట దిక్కు ఒకాయన భూమి దావా మన ఆఫీసులో ఉండె. మనం ప్రతివాది తరఫున. వాయిదా 17వ తారీఖుకు పడితే నేను డైరీలో 27 అని రాసుకున్న. 17న మూడుసార్లు పిలిచిండ్రు, మన దిక్కు ఎవరూ లేరు. ఎక్స్‌పార్టీ చేసి, అంటే మనం లేకుండనే విని, ఆ వారంలోనే మన మీద డిక్రీ ఇచ్చిండ్రు. నేను 27న కోటు తొడుక్కొని పోయి లిస్టులో వెతికితే మన కేసే లేదు. బెంచి క్లర్కు నా మొకం చూసి రిజిస్టరు నా దిక్కు తిప్పిండు.

అట్లాంటి డిక్రీ ఎత్తేయమని ముప్పై రోజుల లోపల ఆర్డర్ 9 రూల్ 13 కింద పిటిషన్ వేసుకోవచ్చు, నా చేతిలో ఇంకా ఇరవై రోజులకు దగ్గర ఉన్నయి. కక్షిదారుకు తెల్వకుండనే సర్దేయొచ్చు అనుకున్న. అఫిడవిట్ కూడ రాసి తాత ముందర పెట్టిన. ఆయన చదివి, "సంతకం ఎవరిది?" అన్నడు. కక్షిదారుదే అన్న. "ఆయనకు పచ్చకామెర్లు వచ్చినయని రాసినవు. వచ్చినయా?" అని అడిగిండు. నీకు ఇంకా తెల్వదు గాని, మన కోర్టుల్లో అఫిడవిట్లు నమ్మితే జిల్లాలో సగం మందికి సరిగ్గ వాయిదా నాడే పచ్చకామెర్లు వచ్చిపోయినట్టు. తాత ఆ కాగితం చింపలేదు, అరవలేదు. మడిచి నా జేబులో పెట్టి, "పొద్దుగాల ఫస్ట్ బస్సుకు పో, ఆయనకే చదివి వినిపియ్యి" అన్నడు.

పోయిన. ఆయన మక్క చేను కాడ ఉన్నడు. గట్టు మీద నిలబడి చెప్పిన, తారీఖు నేనే తప్పు రాసుకున్న అని. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నీళ్లు తాగుతవా అని కూడ అడగలేదు. అఫిడవిట్‌లో ఉన్నదున్నట్టు రాసినం, వకీలు డైరీలో పొరపాటని. జడ్జి గారు ఖర్చుల కింద అయిదు వందలు కట్టమని డిక్రీ ఎత్తేసిండ్రు. ఆ అయిదు వందలు నేనే కట్టిన. ఆ తర్వాత ఆయన ఇంకో వకీలును పెట్టుకున్నడు. అభ్యంతరం లేదని సంతకం పెట్టి ఫైలు ఇచ్చిన. మళ్లీ మన గడప తొక్కలేదు. చాన్నాళ్లు ఆ ఊరి బస్సు కనబడితే మొకం పక్కకు తిప్పుకునేటోన్ని. అప్పటి నుంచి వాయిదా అంకెతోని, అక్షరాలతోని రెండుసార్లు రాస్త. నువ్వు అది చూసి నవ్వుతవు. నీ ఫోన్‌కు ఈ-కోర్ట్స్ యాప్ ఉన్నది, సరే, అయినా డైరీ రాయి.

పోయిన నెల జనగామ దిక్కు నుంచి పంపకాల దావాకని వచ్చిన ఆమె యాదికున్నదా? నేను పెన్ను తీసి మొదలు అడిగింది, "పెండ్లి ఎప్పుడైందమ్మా?" 1983 అన్నది. నేను పెన్ను కింద పెట్టిన. నువ్వు వెంటనే, "నాన్నా, ఇప్పుడు అడగాల్సింది పెండ్లి తారీఖు కాదు, పంపకం తారీఖు" అన్నవు. మన ఉమ్మడి రాష్ట్రంలో హిందూ వారసత్వ చట్టానికి 1986 సవరణ ఆడపిల్లకు వాటా ఇచ్చింది గాని, 1985 సెప్టెంబరు 5 కంటే ముందు పెండ్లయినోళ్లను బయట పెట్టింది. మా తరం వకీళ్లకు ఆ ప్రశ్న నాలుక మీదనే ఉంటది. 2005లో కేంద్ర చట్టం మారింది, 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో ఆడపిల్లకు పుట్టుకతోనే హక్కని, 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని తేల్చింది. 2004 డిసెంబరు 20 కంటే ముందు రిజిస్టరు పంపకమో కోర్టు డిక్రీనో అయి ఉంటేనే అడ్డం. ఇవన్నీ నాకు తెల్వక కాదు. తెలిసి కూడ నోరు పాత ప్రశ్ననే అడిగింది. నువ్వు లేకుంటే ఆమెను ఉత్త చేతులతోని పంపేటోన్నేమో.

కక్షిదారు ముందర నన్ను దిద్దినవని ఆ రోజు కోపమొచ్చిన మాట నిజం. కోర్టు నుంచి ఇంటికొచ్చేదాక ఉన్నది. అమ్మ చేసిన సర్వపిండి తిన్నంక పోయింది. ఇప్పుడు ఆ దావా నీ డ్రాఫ్టే, ఫైలు అట్ట మీద నీ పేరు రాయించిన.

ఆఫీసు సంగతులు చెప్పాలంటే, బాబాయి వారానికి రెండు రోజులు ములుగు పోతున్నడు. 2022 జూన్ 2 నుంచి జిల్లాకో కోర్టు వచ్చినంక అదాలత్ కాడ మన పని తగ్గింది, కక్షిదార్లకు మాత్రం బస్సు కిరాయి మిగిలింది, దాన్ని తప్పు పట్టలేం. కొత్త నేర చట్టాల సంహితలు 2024 జూలై నుంచి అమలైనా బాబాయి మోసం సెక్షన్‌ను ఇంకా ఫోర్ ట్వంటీ అనే అంటడు. నువ్వు 318 అని దిద్దితే, "ఊర్లె ఎవడన్న వాన్ని త్రీ ఎయిటీన్‌గాడు అంటడా?" అని ఎదురు అడుగుతున్నడు. అమ్మ ఫీజుల పుస్తకంలో ఈ నెల రెండు గీతలు ఖాళీ. ఒకాయన పైసలకు బదులు చపాటా మిర్చి తెచ్చిండు, భౌగోళిక గుర్తింపు వచ్చినంక దాని ధర చెప్పుకుంట చెప్పుకుంట ఇచ్చిండు. అది తీసుకున్న. ఇంకొకాయన కేసు గెలిస్తే రెండు గుంటలు రాసిస్త అన్నడు. అది మాత్రం ఎప్పుడూ ఒప్పుకోవద్దు. గెలుపులో వాటా మాట్లాడుకోవద్దని బార్ కౌన్సిల్ రూలున్నది, రూలు లేకున్నా కక్షిదారు భూమి మీద మన కన్ను పడితే ఇగ సలహా ఏం చెప్తం.

అవ్వను మన దగ్గరికి పంపింది ఎవరో అడగలేదు నువ్వు. మనం మూడేండ్ల కింద అప్పీలు ఓడిపోయిన ఆయన. ఓడిపోతమని ముందే చెప్పిన ఆయనకు, అయినా వెయ్యమన్నడు, వేసినం, ఓడిపోయినం. మన వకీళ్లకు ప్రచారం చేసుకునే వీలు లేదు కద. బస్సులో పక్క సీటాయన చెప్పేదే.

వచ్చే గురువారం అవ్వ మళ్లీ వస్తది. ఈసారి నీ కుర్చీ ముందరనే కూర్చోబెడత. సాదా బైనామా, రసీదు జిరాక్సులు తీసి అసలు కాగితాలు ఆమెకే ఇచ్చేసిన, మన దగ్గర ఎప్పుడూ అసలు పెట్టుకోకు. తహసీల్ ఆఫీసులో పాత పహాణీల సర్టిఫైడ్ నకళ్లకు దరఖాస్తు నువ్వు రాయి. నాలుగు దిక్కుల సరిహద్దు రైతుల పేర్లు ఆమెను అడిగి రాసుకో, ఆమెకు అన్నీ యాదున్నయి. చెల్లదని చెప్పిన మాట గురించి ఆమెకు సంజాయిషీ ఇయ్యాల్సిన పని లేదు. ఆమె నీ మీద కోపంతోని పోలేదు. "పిల్ల మంచిగ చదివింది, దబదబ చదివింది" అన్నది అమ్మతోని.

వచ్చేటప్పుడు హైకోర్టు కాడ కోటు మీద మెడకు కట్టుకునే తెల్ల బ్యాండ్లు రెండు జతలు కొను. నావాటికి అమ్మ నీలిమందు ఎక్కువేసింది, నిన్న జడ్జి గారు రెండుసార్లు నా మెడ దిక్కు చూసిండ్రు.

మీ నాన్న
సుబేదారి, హనుమకొండ