సిజేరియన్ అయితే ఫీజు వెనక్కిస్తారా?

నమస్కారం. మేం డౌలాలం, అంటే కాన్పు సమయంలో తల్లి పక్కనే తోడుగా ఉండేవాళ్లం. వచ్చే నెల నుంచి మా సర్వీసులో కొన్ని మార్పులు ఉంటాయి. అవి చెప్పేముందు, బుకింగ్‌కు వచ్చే కుటుంబాల్లో ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్నకు జవాబు చెప్పాలి: "నార్మల్ కాకపోతే డబ్బులు వెనక్కిస్తారా అండీ?"

ఇవ్వం. నార్మల్ అవుతుందని మాట కూడా ఇవ్వం.

అడగడంలో తప్పులేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లే. ఆ టెన్షన్ మాకు అర్థమవుతుంది. కానీ బిడ్డ గుండె చప్పుడు పడిపోతుంటే ఏం చేయాలో తేల్చేది డాక్టరే. మేం డాక్టర్లం కాదు, మంత్రసానులమూ కాదు. లోపలి పరీక్షలు చేయం, మందులివ్వం.

మేం చేసేది పక్కన ఉండటం. నర్సుల డ్యూటీ మారుతుంది, డాక్టర్ ఇంకో గదికి వెళ్తారు, మేం మాత్రం కదలం. నడుంలో నొప్పులు మొదలైతే భర్తను దగ్గరికి పిలిచి, ఆయన అరచేతిని నడుం కింద, వెన్నెముక చివరన ఉండే ఎముక మీద పెట్టిస్తాం. దెబ్బ తగులుతుందేమోనని మొదట మెల్లగా నొక్కుతారు. "ఇంకా గట్టిగా!" అని ఆవిడే అరుస్తుంది. ఇక ఒళ్లంతా బరువు మోపి అదుముతారు. నొప్పి దిగాక చేయి తీసి, రెండు గుక్కలు నీళ్లు తాగించాలి. మళ్లీ నొప్పి వస్తే మళ్లీ అదే. అప్పటిదాకా గోడవారగా నిలబడిన మనిషికి అక్కడ పని దొరుకుతుంది. ఇలా విడవకుండా తోడుంటే సిజేరియన్లు కొంత తగ్గుతాయని, నొప్పుల సమయం కాస్త తగ్గుతుందని 15 వేల మందికి పైగా తల్లులపై జరిగిన పరిశోధనలను కలిపి చూసిన కోక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ 2017 సమీక్ష చెబుతోంది. తగ్గే అవకాశం వేరు, గ్యారంటీ వేరు.

ఆపరేషన్ అయితే మా పని తగ్గదు, పెరుగుతుంది. మత్తు దిగకముందే బిడ్డ పాలకు ఏడుస్తుంది. కుట్ల మీద బరువు పడకుండా బిడ్డను తల్లి చంక కిందకు చేర్చి ముర్రుపాలు పట్టించడం ఆ గంటలో ఎవరో ఒకరు ఓపిగ్గా చూపించాలి. ఆ ఫీజు వెనక్కివ్వమంటే మనసు ఒప్పదు.

ఇక మార్పులు. నెలకు నాలుగు బుకింగులే తీసుకుంటాం. డాక్టరిచ్చిన తేదీకి రెండు వారాల ముందు నుంచీ, ఆ తర్వాత రెండు వారాలూ ఏ అర్ధరాత్రి ఫోనొచ్చినా బయల్దేరాలి కదా, ఇంతకుమించితే మీకు న్యాయం చేయలేం. ఒకేసారి ఇద్దరికి నొప్పులొస్తే వచ్చే రెండో డౌలాను ఏడో నెలలోనే పరిచయం చేస్తాం. ఫీజు 25 వేల నుంచి 30 వేలు అవుతుంది. ఇప్పటికే బుక్ చేసుకున్నవారికి పాత ఫీజే.

ఇంకో ముఖ్యమైన సంగతి. ప్రభుత్వాసుపత్రుల్లో ప్రసవ సమయంలో తోడుగా ఒక మహిళను అనుమతించాలని కేంద్రం 2016లోనే చెప్పింది. ప్రైవేటులో మాత్రం ఒక్కోచోట ఒక్కో రూలు. కొన్నిచోట్ల ఒక్కరినే రానిస్తారు. అలాంటప్పుడు లోపలికి వెళ్లాల్సింది భర్తో, అమ్మో గానీ మేం కాదు. వాళ్లకు ముందే అన్నీ నేర్పిస్తాం, సగం ఫీజు తిరిగిచ్చేస్తాం. అందుకే బుక్ చేసుకునేముందు మీ డాక్టర్‌ను సూటిగా అడగండి: లేబర్ రూమ్‌లోకి ఎంతమందిని రానిస్తారు, డౌలాకు అభ్యంతరం ఉందా అని. ఆ జవాబు తెలిశాకే అడ్వాన్సు పంపండి.