సర్కారు ఆఫీసుల పాత బీరువాలు: ఆలస్యం ఎందుకు, ధర ఎందుకు మారుతుంది

సర్కారు ఆఫీసుల పాత సామాను వేలంలో కొని అమ్మే మా దుకాణం కస్టమర్లకు నమస్కారం. బీరువాలు, ర్యాకులు, కుర్చీల కోసం అడ్వాన్సు ఇచ్చిన స్కూళ్ళ వాళ్ళు, ట్యూషన్ సెంటర్ల వాళ్ళు "ఇంకెప్పుడండీ?" అని అడుగుతున్నారు. సరుకు ఎక్కడ ఆగిందో ఉన్నదున్నట్టు చెబుతున్నాం.

మున్సిపల్ ఆఫీసులో వస్తువు మూలన పడింది కదా అని అమ్మేయడానికి లేదు. స్టాక్ రిజిస్టర్‌తో సరిచూడాలి, కమిటీ పరిశీలించి పనికిరాదని రాయాలి, కనీస ధర (రిజర్వు ధర) కట్టాలి, పైఅధికారి సంతకం పడాలి. ఆ తర్వాతే వేలం. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ ఆన్‌లైన్ పోర్టల్‌లో జరిగే వేలాల్లో హెచ్చు పాట మనదే అయినా, రిజర్వు ధరకు తగ్గితే 'ఆమోదానికి లోబడి' అని ఆగిపోతుంది. ఆఫీసు ఒప్పుకోవచ్చు, మళ్ళీ వేలం పెట్టొచ్చు. మీ బీరువాలు ఆగింది ఇక్కడే. వేలం రద్దయితే మీ అడ్వాన్సు మొత్తం వాపసు ఇస్తాం.

ఇక ధర. లాటులో, అంటే ఒకే పాటకు కలిపి అమ్మే సామాను కుప్పలో, ఏరుకోవడం ఉండదు. మంచి బీరువాలతోపాటు విరిగిన బెంచీలు, కాలిన ఫ్యాన్లు కూడా ఎత్తాల్సిందే. ఎక్కడున్నది అక్కడ, ఎలా ఉన్నది అలా మేం కొనాలి. తర్వాత ఫిర్యాదుకు తావులేదు. స్థానిక సంస్థల నుంచి కొన్న పాత సామానుకు జీఎస్టీని రివర్స్ చార్జి కింద అమ్మిన ఆఫీసు కాక, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి కొన్నవాళ్ళే కట్టాలి, 2017 అక్టోబరు నుంచి ఇదే పద్ధతి. పైగా గేట్ పాస్ ఆఫీసు వేళల్లోనే ఇస్తారు, రద్దీ వేళల్లో సరుకు మోసే డీసీఎం వ్యాన్లకు ట్రాఫిక్ ఆంక్షలు. సరుకు ఎత్తే గడువు దాటితే స్థలం అద్దె పడుతుంది. హమాలీ ఖర్చు లాటుకో తీరుగా ఉంటుంది కాబట్టే, పోయినసారి ధరకే ఇమ్మంటే మాకు కుదరదు.

బీరువా చూసేటప్పుడు రంగు చూడకండి, కింది అర బయటికి తీసి అడుగు రేకు చూడండి. నేల కడిగిన నీళ్ళు కాళ్ళ దగ్గర నిలిచి తుప్పు అక్కడే మొదలవుతుంది. వేలితో నొక్కితే లోపలికి పోయే రేకుకు ఎన్నిసార్లు రంగు వేసినా లాభం లేదు, అలాంటివి మేం తుక్కుకే వేస్తాం. తాళంచెవి పోయినవాటికి తాళం మార్చే ఇస్తాం. లోపల ఫైళ్ళు దొరికితే ఆ ఆఫీసుకు అప్పగించాకే బీరువా దుకాణానికి వస్తుంది. నెమ్మదిగా తిరిగే ఫ్యాన్‌కు చాలాసార్లు 2.5 మైక్రోఫారడ్ కెపాసిటర్ మారిస్తే చాలు. వైండింగ్ కాలినది మాత్రం అమ్మం.

కంప్యూటర్లు, యూపీఎస్ బ్యాటరీలు మా దగ్గర దొరకవు. ఈ-వేస్ట్, బ్యాటరీ నిబంధనల ప్రకారం అవి రిజిస్టరైన సంస్థలకే వెళ్ళాలి. పాత సర్కారు జీపులూ అడుగుతున్నారు. 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రెన్యువల్ కావడం లేదు, అవి స్క్రాపింగ్ కేంద్రాలకే పోతాయి. అలాంటి బండిని రోడ్డు మీద నడుపుకోవచ్చని ఎవరైనా అమ్మజూపితే దయచేసి డబ్బు ఇవ్వకండి.

బుక్ చేసుకున్నవాళ్ళు మీ తలుపు, మెట్ల మలుపు కొలిచి పంపండి. పెద్ద బీరువా 78 అంగుళాల ఎత్తు, 36 వెడల్పు, 19 లోతు ఉంటుంది. మలుపు తిరగదనిపిస్తే చిన్న సైజు మీ కోసం తీసి ఉంచుతాం.