లద్దాఖ్ ప్యాకేజీల్లో ఆ రెండు రోజులు ఏవి?

తెలంగాణ పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. వచ్చే సీజన్‌లో అమ్మానాన్నలను లద్దాఖ్ తీసుకెళ్దామని హైదరాబాద్ ట్రావెల్ ఏజెన్సీల ప్యాకేజీలు తెప్పించుకుని చూస్తున్నాను. దాదాపు అన్నీ ఒకటే అచ్చు. అర్ధరాత్రి శంషాబాద్‌లో ఫ్లైటు, ఢిల్లీలో మారి పొద్దున్నే లేహ్. సాయంత్రం శాంతి స్తూపం. రెండో రోజు టిఫిన్ కాగానే ఖర్దుంగ్‌లా కనుమ మీదుగా నుబ్రా లోయ. మూడో రాత్రి పాంగాంగ్ సరస్సు ఒడ్డున టెంట్లో. ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటామో మాత్రం ఒక్క కాగితంలోనూ లేదు.

హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. లేహ్ 3,500. అక్కడ ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్ సముద్ర తీరంలో అందేదానిలో మూడింట రెండు వంతులే. 5,300 మీటర్లు దాటిన ఖర్దుంగ్‌లా మీద దాదాపు సగమే. శరీరం అలవాటు పడుతుంది కానీ టైమ్ కావాలి. విమానంలో వచ్చినవాళ్లు 48 గంటలు లేహ్‌లోనే విశ్రాంతి తీసుకోవాలని అక్కడి అధికారులు చెబుతున్నది అందుకే.

చిక్కేమిటంటే, దిగగానే ఏమీ తెలియదు. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం చాలామందికి ఆ రాత్రే మొదలవుతాయి. మా బంధువుల్లో ఒకావిడ గ్యాస్ అనుకుని ఈనో తాగి పడుకున్నారు. పొద్దున్నే అందరితోపాటు వ్యాన్ ఎక్కారు. పాంగాంగ్ చేరేసరికి నాలుగడుగులు వేస్తే ఆయాసం, ఆగని దగ్గు. వెనక్కి తేవాలన్నా మధ్యలో 5,300 మీటర్లకు పైనున్న చాంగ్‌లా కనుమ ఎక్కి దిగాల్సిందే. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని లేహ్ ఆసుపత్రిలో చెప్పారు. సమయానికి చేరారు కాబట్టి బతికారు.

ఒంట్లో బాగోలేకపోయినా ఆవిడ ఎందుకు బయల్దేరారు? ఆగిపోతే మిగతా రోజుల డబ్బు తిరిగి రాదు. ఒక్కరి కోసం వ్యాన్ ఆగదు. పైగా, తనవల్ల అందరి ట్రిప్పూ పాడవుతుందన్న మొహమాటం. ఇలాంటి చోట సలహాలు పనిచేయవు, నియమం ఉండాలి.

లద్దాఖ్ రోడ్లు మీ చేతిలో లేవు. ప్యాకేజీలు అమ్మేది మాత్రం మన అమీర్‌పేటలో, మా హన్మకొండలో. మొదటి రెండు రాత్రులు లేహ్‌లో గానీ, అంతకన్నా దిగువన ఉన్న ఆల్చి వైపు గానీ బస లేని విమాన ప్యాకేజీని అమ్మనివ్వకండి. ప్రతి బస పక్కన ఎత్తు ఎంతో తెలుగులో రాయించండి. జబ్బుపడి ఆగిపోయినవారికి వాడుకోని రోజుల డబ్బు వెనక్కి ఇప్పించండి. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవారు ముందు డాక్టర్‌ను కలవాలని అడ్వాన్స్ తీసుకోకముందే చెప్పించండి. ఎత్తు ప్రదేశాల్లో వచ్చే జబ్బుకు వాడే డయామాక్స్ వాట్సాప్‌లో పేరు చూసి కొనుక్కునే మాత్ర కాదు. బయటి ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవన్న సంగతి కూడా చాలామందికి దిగాకే తెలుస్తోంది. ఇంట్లోవాళ్లకు ఒకటే టెన్షన్.

రెండు రోజులు పెంచితే ధర పెరిగి గిరాకీ పక్కవాడికి పోతుందని ఏజెన్సీలు అంటాయి. వాళ్ల భయం నిజమే. అందరికీ ఒకే నియమం పెట్టగలిగేది ప్రభుత్వమే కాబట్టి మీకు రాస్తున్నాను. బుకింగ్‌లు మొదలవకముందే ఏజెన్సీలను పిలిపించి మాట్లాడండి.

ఇట్లు,
హన్మకొండ నుంచి ఒక ప్రయాణికురాలు