కలెక్టర్ గారూ, అంగడి రోజున ఒక మనిషిని కూర్చోబెట్టండి

మహబూబ్‌నగర్ జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. జడ్చర్ల దగ్గర ఒక ఊళ్లో నేను కట్టె గానుగ నడుపుతున్నాను. పల్లీ నూనె, కొద్దిగా నువ్వుల నూనె తీస్తాను. మొన్న అంగడి నాడు పక్క ఊరి అమ్మాయి నూనె కొనడానికి వచ్చి, సీసా చేతిలో పట్టుకునే అడిగింది: "అక్కా, జొన్న రొట్టెలు చేసి అమ్ముదామనుకుంటున్న. రొట్టె చేసుడు నాకు వచ్చు. ముందుగాల ఎక్కడికి పోవాలె?"

నన్ను ఇలా అడిగినవాళ్లలో ఆమె ఏడో మనిషి. ఏడుగురికీ లెక్కల పుస్తకంలోంచి కాగితం చింపి రాసిచ్చాను. ఏది ముందు, ఏది తర్వాత, ఏది ఉచితం, దేనికి ఎంత. ఆ కాగితం గురించే మీకు ఈ లేఖ.

గానుగలో ఒక వాయికి పదిహేను కిలోల పల్లీలు పోస్తాను. మొదట్లో నూనె చుక్క కనిపించదు, పిండి రోకలికి అంటుకుని తిరుగుతూ ఉంటుంది. కాసిన్ని నీళ్లు చిలకరిస్తే పిప్పి చెక్కలా గట్టిపడి, పక్క నుంచి నూనె సన్నగా జారడం మొదలవుతుంది. ఎన్ని నీళ్లు, ఎప్పుడు అన్నది చెయ్యికి తెలియాలి. లీటరు నూనెకు రెండున్నర కిలోల దాకా పల్లీలు పడతాయి. తీసిన నూనెను రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగి, పైన తేట నిలుస్తుంది. ఈ పని నేర్చుకోవడానికి నాకు నెల పట్టింది. కాగితాల పని నేర్చుకోవడానికి ఏడాదిన్నర పట్టింది.

మా మహిళా పొదుపు సంఘంలో తీసుకున్న అప్పుతో ముందు ఒక పాత గానుగ కొన్నాను. అది నడిచాక పెద్దది పెడదామని పీఎంఈజీపీ అనే కేంద్ర ప్రభుత్వ సబ్సిడీ లోనుకు తిరిగాను. పల్లెల్లో మహిళలకు 35 శాతం సబ్సిడీ, చేతి నుంచి పెట్టుకోవాల్సింది 5 శాతమే అంటే ఎంత సంబరపడ్డానో. ఆ పథకం కొత్తగా పెట్టేవాళ్లకని, సొంతంగా మొదలుపెట్టి నడుపుకుంటున్న నాలాంటి వాళ్లకు రాదని మూడు నెలలు తిరిగాక తెలిసింది. పాత గానుగ కొనకముందు ఈ ఒక్క మాట ఎవరైనా చెప్పి ఉంటే ఆగేదాన్ని కదా!

తర్వాత ఇంకో లోను కోసం ఒక బ్యాంకుకు వెళ్తే, షెడ్డు కిరాయి అగ్రిమెంటు, మిషన్ కొటేషన్ తెమ్మన్నారు. తెచ్చాను. దరఖాస్తు రెండుసార్లు వెనక్కి వచ్చింది. ఐదు నెలలు ఖాళీ షెడ్డుకు నెలకు 4,000 చొప్పున కిరాయి కట్టాను. రోజూ పొద్దున పోయి తాళం తీసి, ఊడ్చి, మళ్లీ తాళం వేసి వచ్చేదాన్ని. పట్టాదారు పాస్‌బుక్ తాకట్టు పెట్టమన్నారు. భూమి మా మామ పేరు మీద ఉంది. నేను అడిగింది 6 లక్షలు. చిన్న పరిశ్రమలకు 10 లక్షల లోపు లోనుకు తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు చెప్పిన సంగతి నాకు అప్పుడు తెలియదు. తెలియదు కాబట్టి అడగలేదు. ఇంట్లో మాత్రం పాస్‌బుక్ గురించి పెద్ద పంచాయితీ అయింది.

చిన్న చిన్న దెబ్బలు కూడా ఉన్నాయి. చిన్న పరిశ్రమలు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ ఉంటే ఫోన్‌లోనే అవుతుంది. నా దగ్గర 1,500 తీసుకున్నారు. ఆహార లైసెన్సు రిజిస్ట్రేషన్‌కు అప్పట్లో ఏడాదికి 100 రూపాయలే ఫీజు, నేను ఇచ్చింది 3,000. ఆ రిజిస్ట్రేషన్‌లో వచ్చే 14 అంకెల నంబరు సీసా మీద ఉండాలని తెలియక ముందే 2,000 స్టిక్కర్లు అచ్చు వేయించాను. ఆ కట్టలు ఇప్పటికీ అటక మీద ఉన్నాయి.

చివరికి దారి దొరికింది ఒక మనిషి వల్ల. చిన్న ఆహార పరిశ్రమలకు పీఎంఎఫ్‌ఎంఈ అనే పథకం ఉందని, నడుస్తున్న యూనిట్లకు కూడా అందులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ ఉందని, దానికి దరఖాస్తులో సాయం చేసే రిసోర్స్ పర్సన్ జిల్లాలో ఉంటారని ఎవరో చెప్పారు. ఆ రిసోర్స్ పర్సన్ మా షెడ్డుకే వచ్చారు. పల్లీ బస్తా మీద కూర్చుని, నెలకు ఎన్ని వాయిలు తీస్తానో, చెక్క ఎంతకు పోతుందో అడిగి రాసుకున్నారు. ప్రాజెక్టు రిపోర్టు ఆయనే తయారు చేయించారు. రెండు నెలల్లో లోను వచ్చింది. బ్యాంకు అదే, నేనూ అదే మనిషిని.

అందుకే కొత్త పథకం పెట్టమని అడగడం లేదు. మన జిల్లాలో ప్రతి మండలంలో, అంగడి రోజున, మండల పరిషత్ ఆఫీసులో అలాంటి ఒక మనిషిని కూర్చోబెట్టండి. ఆడవాళ్లు ఆ రోజు ఎలాగూ కూరగాయలకు వస్తారు, ప్రత్యేకంగా బస్సు చార్జీలు పెట్టుకోనక్కర్లేదు. టైలరింగ్ అయినా, కారం గిర్ని అయినా, రొట్టెల కేంద్రమైనా, ఒక్క రూపాయి పెట్టకముందే ఆ మనిషి దగ్గరికి వచ్చి అడిగే వీలుండాలి.

ఆయన వెనక గోడ మీద తెలుగులో ఒక పెద్ద కాగితం అంటించండి. ఏ రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వ ఫీజు ఎంతో అందులో ఉండాలి. మన రాష్ట్రంలోనే సరుకు అమ్ముకునేవాళ్లకు ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదని ఉండాలి. కరెంటులో దుకాణం కేటగిరీ వేరు, పరిశ్రమ కేటగిరీ వేరు, మీటరు కోసం దరఖాస్తు పెట్టేటప్పుడే చూసుకోవాలని ఉండాలి. సబ్సిడీ డబ్బు చేతికి రాదని, మూడేళ్లు బ్యాంకులోనే ఉండి, కిస్తీలు సరిగ్గా కడితే లోనులో జమ అవుతుందని పెద్ద అక్షరాలతో ఉండాలి. మా సంఘంలో ఒకామె ఆ డబ్బుతో బర్రెను కొనాలని లెక్క వేసుకుని, రాకపోయేసరికి ఏడ్చింది.

ఇంకొకటి మీ చేతిలోనే ఉంది. జిల్లా బ్యాంకర్ల సమావేశానికి అధ్యక్షులు మీరే. చిన్న లోను దరఖాస్తు తీసుకున్నప్పుడు రసీదు ఇవ్వాలి, కుదరదంటే కారణం రాసి ఇవ్వాలి. ఇవి ఉన్న నిబంధనలే. నాకు రెండుసార్లూ నోటి మాటే దక్కింది. ఎన్ని దరఖాస్తులకు రసీదు ఇచ్చారు, ఎన్నింటికి కారణం రాసిచ్చారు అని వచ్చే సమావేశంలో ఒక్కో మేనేజర్‌నూ అడగండి. మీరు అడిగితే వాళ్లు లెక్క తీస్తారు. మేము అడిగితే రేపు రమ్మంటారు.

యాసంగి పల్లికాయ బాదేపల్లి మార్కెట్‌కు బస్తాలకు బస్తాలు వస్తుంది. అందులో చాలా భాగం లారీ ఎక్కి వెళ్లిపోతుంది, మనవాళ్లు బస్సెక్కి పుణె, ముంబై వెళ్తారు. నా గానుగ దగ్గర ఇప్పుడు ఇద్దరు పని చేస్తున్నారు. వాళ్లలో ఒకామె భర్త ఈసారి వలస పోలేదు, మా నూనె సీసాలు బండి మీద వేసుకుని షాపులకు వేస్తున్నాడు.

రొట్టెల అమ్మాయి వచ్చే అంగడికి మళ్లీ వస్తానంది. కాగితం రాసిచ్చాను. కానీ తన పొయ్యి సైజు ఎంత ఉండాలి, షెడ్డు ఎప్పుడు తీసుకోవాలి, ఏ బ్యాంకు మెట్లు ఎక్కాలి అన్నది నా కాగితం చెప్పలేదు. ఆమెను ఎవరి దగ్గరికి పంపమంటారు?

ఇట్లు,
కట్టె గానుగ నడుపుకునే ఒక సంఘం సభ్యురాలు,
జడ్చర్ల మండలం