ఇంజన్ పేరు చాలదు, కోడ్ కూడా రాయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ పత్రికలో వారం వారం వచ్చే కార్ల పేజీని నేను వదలకుండా చదువుతాను. కిందటి వారం ఒక పాఠకుడు ఏ ఇంజన్ ఎక్కువ కాలం మన్నుతుందని అడిగితే, మీ రచయిత నాలుగైదు ఇంజన్ల పేర్లు చెప్పి, ఆ పేరున్న కారైతే కళ్లు మూసుకుని కొనొచ్చన్నారు. నేను ఒకసారి అలాగే కళ్లు మూసుకుని కొన్నాను. అందుకే ఈ ఉత్తరం.

అది ఒకరు వాడిన కారు. బానెట్ ఎత్తగానే ఇంజన్ మీద నల్లటి ప్లాస్టిక్ కవరు, దాని మీద వెండి రంగులో మెరిసే పేరు కనిపించాయి. ఆ పేరు గురించి అంతకుముందే మంచి మాటలు వినీ, చదివీ ఉన్నాను. ఇంకేమీ అడగలేదు. రెండేళ్లు తిరక్కుండానే ఒకరోజు ఆయిల్ లైటు వెలిగింది. మెకానిక్ ముందుగా ఆ కవరు పీకి గోడకు ఆనించాడు. తర్వాత కింద నుంచి ఆయిల్ ఛాంబర్ విప్పి, పంపు నోటి దగ్గరుండే జల్లెడ తీసి నా అరచేతిలో పెట్టాడు. దాని కళ్లన్నీ నల్లటి పొట్టుతో పూడుకుపోయాయి. వేలితో రుద్దితే పెన్సిల్ గీతలు చెరిపినప్పుడు రాలే రబ్బరు పొట్టులా ముద్ద కట్టింది. గాలి లోపలికీ పొగ బయటికీ పోయే వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా చూసే టైమింగ్ బెల్టు అది. ఆయిల్‌లో తడుస్తూ తిరుగుతుంది, కొంచెం కొంచెంగా ఊడి అక్కడ చేరింది. బెల్టుకి సరిపడని ఆయిల్ పోసి ఉంటారన్నాడు. ముందు యజమాని ఏం పోశాడో నాకేం తెలుసు? కంపెనీ పేరు ఎత్తను, ఇలాంటి బెల్టు వాడిన కంపెనీ ఒక్కటే కాదు కాబట్టి.

నాకు గుర్తుండిపోయింది వేరే సంగతి. విడిభాగాలు తెప్పించడానికి అతను అడిగిన మొదటి ప్రశ్న, "ఇంజన్ కోడ్ ఎంతండీ?" అని. నేను గోడకున్న కవరు చూపించాను. అతను నవ్వి, "అది పేరండీ, కోడ్ కాదు" అన్నాడు. కోడ్ అంటే ఒక్కో రకం ఇంజన్‌కి కంపెనీ ఇచ్చుకునే అక్షరాలూ అంకెల గుర్తు.

ఇంజన్‌కి పేరు పెట్టేది షెడ్డులో చేయి నల్లబడ్డవాడు కాదు, ప్రకటనలు రాసేవాడు. కొన్ని పేర్లు మాత్రం నిజాయితీగా ఏదో ఒకటి చెబుతాయి. హోండా 1989లో తెచ్చిన వీటెక్ ఉంది, వేగాన్ని బట్టి వాల్వులు ఎంతసేపు, ఎంత ఎత్తు తెరుచుకోవాలో మార్చే పద్ధతి పేరే అది. ఇంజన్ ఎలా పనిచేస్తుందో అది చెబుతుంది. ఎన్నాళ్లు పనిచేస్తుందో చెప్పదు, చెబుతానని అననూ లేదు. మిగతావి చాలావరకు ఆశీర్వచనాలే. కాడిలాక్ 1990లలో తెచ్చిన వీ8 ఇంజన్ (వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లున్నది) పేరు నార్త్‌స్టార్, అంటే ధ్రువ నక్షత్రం. మన కథలో ధ్రువుడు ఉన్నచోటి నుంచి కదలడు. ఈ ఇంజన్లలో ఇంజన్ పైభాగాన్ని పట్టి ఉంచడానికి అల్యూమినియం బ్లాకులోకి బిగించిన హెడ్ బోల్టులు మాత్రం పట్టు వదిలి కదిలేవి, మధ్య సందు మూసే గ్యాస్కెట్లు పోయేవి. పేరు పెట్టినవాడికి అది ముందే తెలుస్తుందా?

ఒకే ఇంజన్‌కి నాలుగు పేర్లుంటే పేరును బట్టి ఏం తేల్చుకుంటాం? ఫియట్ 2003లో 1.3 లీటర్ల చిన్న డీజిల్ ఇంజన్ తెచ్చింది, కచ్చితంగా చెప్పాలంటే 1248 సీసీ. సొంత కార్లలో దాన్ని మల్టీజెట్ అంది. అదే సుజుకీ కార్లలో డీడీఐఎస్ అయింది, టాటా కార్లలో క్వాడ్రాజెట్ అయింది, ఓపెల్ కార్లలో సీడీటీఐ అయింది. మల్టీజెట్ రాయిలాంటిది, క్వాడ్రాజెట్ జోలికి పోవద్దు అని గంటసేపు వాదించినవాళ్లను నేను చూశాను. తల్లి ఒకటే అని చెప్తే నమ్మలేదు. ఆ కార్ల మధ్య తేడాలు లేవని కాదు. ఒకదానికి మామూలు టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపేది), ఇంకోదానికి రెక్కల కోణం మారే టర్బో, ట్యూనింగ్ వేరు, చుట్టూ బిగించిన సామాను వేరు, సర్వీసింగ్ చేసే చేయి వేరు. మన్నిక ఆ తేడాల్లో ఉంది. అవేవీ పేరులో కనపడవు.

దీనికి తిరగేసిన వరస కూడా ఉంది. ఫోర్డ్ 2009 నుంచి వాడుతున్న ఎకోబూస్ట్ అనే పేరు కింద మూడు సిలిండర్ల 1.0 లీటరు ఇంజనూ ఉంది, 3.5 లీటర్ల వీ6 ఉంది. మొదట్లో వచ్చిన చిన్నదాంట్లో ఆయిల్‌లో తిరిగే బెల్టు, పెద్దదాంట్లో చైన్లు. రెండింటికీ ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్, టర్బో ఉండటం తప్పిస్తే చుట్టరికం అంతంత మాత్రమే. "ఎకోబూస్ట్ మంచిదేనా?" అని అడిగితే జవాబెలా ఇస్తారు?

బహుమతులు వచ్చాయి కదా అంటారు. ప్యూజో, సిట్రోయెన్ కార్లలో వచ్చిన 1.2 లీటర్ల ప్యూర్‌టెక్ టర్బో ఇంజన్‌కి తన తరగతిలో ఇంటర్నేషనల్ ఇంజన్ ఆఫ్ ది ఇయర్ బహుమతి 2015 నుంచి 2018 దాకా వరసగా నాలుగేళ్లు వచ్చింది. దాని బెల్టూ ఆయిల్‌లో తిరిగేదే. అది ముందే పాడవుతోందని ఫిర్యాదులు పెరిగాక, యూరప్‌లో కంపెనీ 2024లో పదేళ్లు లేదా 1,75,000 కిలోమీటర్ల దాకా బాధ్యత తీసుకుంటామని చెప్పాల్సి వచ్చింది. బహుమతి ఇచ్చినవాళ్లని తప్పు పట్టను. కార్ల మీద రాసే విలేకరులు కొత్త ఇంజన్‌ని నడిపి చూసి మార్కులు వేస్తారు. లాగుడు, మైలేజీ, చప్పుడు లేకపోవడం అప్పుడే తెలుస్తాయి. బెల్టు పొట్టు రాలడం తెలియాలంటే ఏళ్లు పట్టాలి.

కంపెనీ పేరునైనా నమ్మొచ్చా? కొంతవరకు నమ్మొచ్చు. ఏళ్ల తరబడి జాగ్రత్తగా ఇంజన్లు చేసిన చోట ఆ అలవాటు ఊరికే పోదు. అయినా టొయోటా అంతటి కంపెనీ చేసిన 2ఏజెడ్-ఎఫ్ఈ ఇంజన్ 2000 దశకం చివరి కార్లలో ఆయిల్ తాగేసేది. పిస్టన్లూ రింగులూ మార్చి సరిచేశారు. అదే కంపెనీ తర్వాత తెచ్చిన 2ఏఆర్-ఎఫ్ఈకి ఆ చెడ్డపేరు లేదు. ఇక్కడ ఏది ఏదో వేరు చేసి చెప్పింది కోడే. హ్యుందాయ్ థీటా 2 ఇంజన్ సంగతి ఇంకో రకం. ఇంజన్ లోపల తిరిగే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్, మలిచేటప్పుడు మిగిలిన లోహపు పొడి ఆయిల్ దారిలో ఉండిపోయి బేరింగులకు ఆయిల్ అందలేదు. 2015లో అమెరికాలో ఆ కార్లను వెనక్కి పిలవడం మొదలైంది. అందులో గీసిన నమూనా తప్పుకన్నా ఫ్యాక్టరీలో శుభ్రం చేయని తప్పు ఎక్కువ. ఏ కోడూ దాన్ని ముందే చెప్పలేకపోయేది, ఒప్పుకుంటాను. కానీ తప్పు బయటపడ్డాక తన కారు ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలంటే, యజమాని దగ్గర ఉండాల్సింది తయారీ తేదీ, నంబర్లు. కవరు మీది పేరు కాదు.

అందుకని మీకు ఒక మనవి. కారు గురించి రాసిన ప్రతిసారీ పక్కన చిన్న గడి కట్టి నాలుగు సంగతులు వేయండి: ఇంజన్ కోడ్, టైమింగ్‌కి వాడింది బెల్టో చైనో, బెల్టయితే పొడిదా ఆయిల్‌లో తిరిగేదా, దాన్ని ఎప్పుడు మార్చాలంటున్నారు. ఏ ఆయిల్ పోయాలో కూడా చేరిస్తే మరీ మంచిది, నా బోటి వాళ్లకి టెన్షన్ తప్పుతుంది. వాడిన కార్ల ప్రకటనల్లో కూడా అమ్మేవాళ్లని కోడ్ రాయమనండి. చాలా కార్లకి అది ఇంజన్ నంబరు మొదటి అక్షరాల్లోనే ఉంటుంది, వెతుక్కోనక్కర్లేదు. ఇంకా వీలైతే కొత్త కారుని మూడు రోజులు నడిపి రాసినట్టే, లక్ష కిలోమీటర్లు తిరిగిన కారుని షెడ్డులో విప్పినప్పుడు వెళ్లి చూసి ఒకసారి రాయండి. సిలిండర్లు అరిగి ఇంజన్ బోరుకొచ్చిందా, ఎందుకొచ్చింది అని అక్కడి మనిషిని అడగండి. ఆ పేజీ నేను కత్తిరించి దాచుకుంటాను.

స్థలం చాలదంటారేమో. డిక్కీలో ఎన్ని సూట్‌కేసులు పడతాయో చెప్పే పేరా ప్రతివారం ఉంటోంది, దాన్ని తీసేయండి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు