2025–26 వార్షిక నివేదిక: ట్యాబ్‌లు కొన్నాం, చివరికి ఫోనే ఎక్కువ వాడాం

సభ్యులందరికీ నమస్కారం.

ఈసారి నివేదిక ఆలస్యమైంది, తప్పు నాదే. రిజిస్టర్ సరిగ్గా రాయలేదు. ఏ రోజు ఎవరు ఏ ఆసుపత్రికి వెళ్లారో తెలుసుకోవడానికి వలంటీర్ల వాట్సాప్ మెసేజ్‌లు తవ్వాల్సి వచ్చింది, అందులో సగం వాయిస్ మెసేజ్‌లే, వినేసరికి చెవులు నొప్పులు పుట్టాయి. అందుకే ఏడాది మొత్తంలో ఎంతమందికి సాయం చేశామన్న పెద్ద అంకె ఇందులో ఉండదు. ఊహించి రాసేకంటే రాయకపోవడమే నయం.

కొత్తగా చేరినవాళ్ల కోసం ఒక్క మాట. మనం చేసేది చిన్న పని. తెలుగు రానివాళ్లు, తెలుగు వచ్చినా డాక్టరుగారి తెలుగు అర్థం కానివాళ్లు ఆసుపత్రికో, తహసీల్దార్ ఆఫీసుకో, రేషన్ కార్డు కోసమో, పిల్లల్ని బడిలో చేర్చడానికో వెళ్లినప్పుడు మధ్యలో నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేయడం. బలంగీర్, నువాపాడా నుంచి నగర శివార్లలోని ఇటుక బట్టీలకు వచ్చే ఒడియా కుటుంబాలు, తండాల నుంచి వైద్యానికి వచ్చే లంబాడీ పెద్దవాళ్లు, ఆదిలాబాద్ వైపు గోండులు, బిహారీ, బెంగాలీ కూలీలు, దక్కనీ తప్ప ఇంకేదీ రాని పాతబస్తీ ముసలమ్మలు, వీళ్లే మన దగ్గరికి వచ్చేది. ఈ పనికి దుబాసీ అని చక్కటి పాత మాట ఉంది. కంపెనీ రోజుల్లో మద్రాసు దుబాసీలు మేడలు కట్టుకున్నారు, మనకి ఆటో చార్జీలు కూడా సరిగ్గా రావడం లేదు, అది వేరే సంగతి.

గత సర్వసభ్య సమావేశంలో గట్టిగా వాదించి తీర్మానం చేయించింది నేనే. రెండు ట్యాబ్‌లు, ఒక మంచి మైకు కొందాం, అనువాదం యాప్‌లు వేసుకుందాం, వలంటీరు దొరకని రోజు వాటితో నెట్టుకొద్దాం అన్నాను. కేంద్ర ప్రభుత్వం 2022 జులైలో భాషిణి అనే అనువాద వేదిక తెచ్చింది, గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో అదే ఏడాది భోజ్‌పురి, మైథిలి వచ్చాయి, 2024లో ఒకేసారి 110 భాషలు కలిపారు, ఇంక మన కష్టాలు తీరినట్టే అనుకున్నాను. సగం తీరాయి. ఓపీ గది ఎటు, ఎక్స్‌రేకి ఎక్కడ డబ్బు కట్టాలి, మళ్లీ ఎప్పుడు రావాలి, ఆధార్ జిరాక్స్ ఎన్ని కావాలి, ఇలాంటివాటికి ట్యాబ్ బాగానే పనికొచ్చింది. వలంటీరు కోసం గంటలు గంటలు బెంచీ మీద కూర్చోబెట్టే బాధ తప్పింది, ఆ మాట ఒప్పుకోవాలి.

మిగతా సగం సంగతి చెప్తాను. మొదటి దెబ్బ ఒడియాలో తగులుతుందనుకున్నాం, తెలుగులోనే తగిలింది. నల్గొండ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఎదురుగా ఉత్తరాది నుంచి వచ్చిన డాక్టరు. ఆయన "పానం మంచిగ లేదు సారూ, నెత్తి గుంజుతుంది" అన్నారు. మనకి పానం అంటే ప్రాణం, ఒంట్లో బాగా లేదని అర్థం. యాప్‌కి పానం అంటే తాగేది. తాగే సరుకు బాగా లేదని హిందీలో చదివి వినిపించింది. డాక్టరు "రోజుకి ఎంత తాగుతారు?" అని అడిగేసరికి కొడుకు లేచి "మా నాయన జన్మల మందు ముట్టలే" అని గొడవకి దిగాడు. మన వలంటీరు పక్క వార్డు నుంచి పరిగెత్తుకొచ్చి సర్దింది. తర్వాత తలుచుకుని నవ్వుకున్నాం గానీ, కేస్ షీటులో తాగుడు అలవాటు అని పడి ఉంటే ఆ పెద్దాయనకి మందులు ఇచ్చే తీరే మారిపోయేది.

రెండోది దక్కనీలో. గుండెల్లో నొప్పి ఎప్పటి నుంచి అంటే ఒక ముసలమ్మ "పర్సోం సే" అంది, యాప్ "మొన్నటి నుంచి" అని చెప్పింది. పుస్తకాల ప్రకారం తప్పు లేదు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన ఎవర్నైనా అడగండి, ఇక్కడ పర్సోం అంటే మొన్న కావచ్చు, పోయిన నెల కావచ్చు, మూడేళ్ల కిందట కూడా కావచ్చు. మన వలంటీరు భాయ్ అది తెలిసినవాడు కాబట్టి "పర్సోం బోలే తో కబ్, అమ్మా?" అని మళ్లీ అడిగాడు. "రంజాన్ కే పహ్లే" అంది. అంటే రంజాన్‌కి ముందు, రెండు నెలలు దాటింది.

ఒడియావాళ్లతో ఇంకో చిక్కు. ఒడియాలో "సే" అంటే అతను, ఆమె రెండూ. చాలా యాప్‌లు ఒడియాని ముందు ఇంగ్లీషులోకి, అక్కడి నుంచి తెలుగులోకి మారుస్తాయి, ఆ మధ్య మజిలీలో ఆడో మగో ఏదో ఒకటి ఊహించి పెట్టేస్తాయి. ఒక తల్లి కూతురి కడుపునొప్పి గురించి చెప్తుంటే తెలుగులో "అతనికి" అని వచ్చింది, నర్సేమో ఆ పిల్ల వెంట వచ్చిన తమ్ముణ్ని బల్ల ఎక్కమంది. ఆ మజిలీలోనే మన మీరు, నువ్వు కూడా కలిసిపోతాయి. డెబ్బై ఏళ్ల ఆయన్ని ట్యాబ్ "నువ్వు చొక్కా విప్పు" అంటే ఆయనకి ఎలా ఉంటుంది? పైగా బట్టీల్లోవాళ్లు చాలామంది మాట్లాడేది సంబల్‌పురి, యాప్‌కి తెలిసింది కటక్ వైపు ఒడియా.

ఇవన్నీ ఒక ఎత్తు, అర్థం కాలేదని యంత్రం చెప్పకపోవడం ఒక ఎత్తు. మన వలంటీర్లకీ రాని మాటలు బోలెడు ఉంటాయి, కానీ వాళ్లు "ఒక్క నిమిషం సార్, ఆ మాట నాకు తెలియలేదు, మళ్లీ అడుగుతా" అంటారు. యంత్రం తెలిసిందీ తెలియనిదీ ఒకే గొంతుతో చదువుతుంది. విస్పర్ అని మాటల్ని రాతలోకి మార్చే సాఫ్ట్‌వేర్ ఉంది, అమెరికా పరిశోధకులు దాన్ని పరీక్షించి 2024లో చెప్పిందేమిటంటే, అక్కడక్కడా ఎవరూ అనని వాక్యాల్ని అది సొంతంగా కల్పించి రాసిందట, మెదడు దెబ్బతిని మాట తడబడేవాళ్ల దగ్గర ఇది ఎక్కువట. ఆసుపత్రిలో మనకి ఎదురయ్యేది ఎక్కువగా అలా ఆగి ఆగి మాట్లాడేవాళ్లే.

ఇప్పుడు సిగ్గుపడాల్సిన సంగతి ఒకటి. ఆగస్టులో ఒక రోజు ఎవరూ దొరక్క, నెలసరి సమస్యతో వచ్చిన ఒకావిడకి ఆమె పదేళ్ల కొడుకుతోనే చెప్పించాం. వాడు తల దించుకుని సగమే చెప్పాడు, ఆవిడ మిగతా సగం చెప్పనే లేదు. అమెరికాలో ప్రాణం మీదికొస్తే తప్ప ఆసుపత్రులు పిల్లల చేత ఇలా చెప్పించకూడదని నిబంధనే ఉంది. మనం ఆ పాపం చేశాం. కమిటీలో దీని మీద చాలాసేపు నడిచింది, చివరికి నేను అన్నది ఇదీ: పిల్లాడా, ట్యాబా అని తేల్చుకోవాల్సి వస్తే ట్యాబే పెట్టండి, తప్పులున్నా సరే. దీనికి ఒప్పుకోని సభ్యులు ఉన్నారు, సమావేశంలో మళ్లీ మాట్లాడుకుందాం.

ఏడాది మొత్తం చూస్తే నిజంగా పనికొచ్చిన టెక్నాలజీ మామూలు ఫోను. ఆసుపత్రిలో ఒకరు, ఇంట్లో వంట చేసుకుంటూ లంబాడీ తెలిసిన మన అక్క, మధ్యలో స్పీకర్ ఫోను. కాన్ఫరెన్స్ కాల్ అంతే. ఆస్ట్రేలియాలో ప్రభుత్వమే 1973లో ఫోన్లో దుబాసీని కలిపే సేవ మొదలుపెట్టింది, ఇవాళ్టికీ 131 450కి చేస్తే పలుకుతుంది. అక్కడ దుబాసీలకి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే నాటీ అనే సంస్థ 1977 నుంచి ఉంది. మన దగ్గర ఎవరికి రెండు భాషలొస్తే వాళ్లే దుబాసీ. ఫోన్లో చేసేటప్పుడు మనం రెండు పద్ధతులు పెట్టుకున్నాం. "ఆమెకి నొప్పట" అనకుండా ఆవిడ అన్నట్టే "నాకు నొప్పిగా ఉంది" అని చెప్పడం, అరగంటకి మనిషిని మార్చడం. యూరప్‌లో పోలీసు, కోర్టు పనుల్లో వీడియో దుబాసీల మీద అవిడికస్ అనే ప్రాజెక్టు జరిగింది, దూరం నుంచి చేస్తే అలసట త్వరగా వస్తుందనీ, తప్పులు పెరుగుతాయనీ అందులో తేలింది. మన అక్క ఆ పేరు వినకుండానే "అరగంట దాటితే బుర్ర పనిచేయదు" అని మొదటి వారంలోనే చెప్పింది.

లంబాడీకి యాప్ ఎందుకు లేదని చాలామంది అడిగారు. మాట్లాడేవాళ్లు తక్కువై కాదు. 2011 జనాభా లెక్కల్లో లమాని, లంబాడీ అని రాయించుకున్నవాళ్లే 32 లక్షల పైన, కానీ ఆ లెక్కని హిందీ కింద కలిపేశారు. సొంత లిపి లేదు, రాసిన పాఠం తక్కువ, యంత్రానికి నేర్పే సరుకు అదే కదా. గోండికి కాస్త దారి తెరుచుకుంది. కేంద్ర గిరిజన శాఖ 2025లో తెచ్చిన ఆదివాణి అనే అనువాదం యాప్‌లో గోండి ఉంది, ఆ పనిలో మన ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ పాలు పంచుకుంది. మన గోండు పెద్దాయన దాన్ని కూర్చుని పరీక్షిస్తానన్నారు, వచ్చే ఏడాది చెప్తాం.

బధిరులకి మాత్రం వీడియో కాల్ వరం. సైగల భాష తెలిసినావిడ మల్కాజిగిరిలో ఉండి నగరం ఆ చివర ఆసుపత్రిలో మాట్లాడగలుగుతోంది. సెల్లార్‌లో స్కానింగ్ గది అయితే సిగ్నల్ ఉండదు, చెయ్యి సగంలో ఆగిపోతుంది, ఇటువైపు మాస్కు వల్ల ముఖం కనపడదు. సైగల్లో ముఖం కూడా మాటే. డాక్టర్లకి ఇది చెప్పి చెప్పి అలిసిపోతున్నాం.

పోలీస్ స్టేషన్ పని గురించి. ఒక స్టేషన్‌లో వాంగ్మూలానికి ట్యాబ్ పెట్టి కానిచ్చేయమన్నారు, మనం ఒప్పుకోలేదు, కొంత మాటపడ్డాం. నిందితుడికి అర్థం కాని భాషలో కోర్టులో సాక్ష్యం చెప్తే అతనికి తెలిసిన భాషలో వినిపించాలని పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ 279వ సెక్షన్‌లో ఉండేది, దాని బదులు 2024 జులై 1 నుంచి వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లోనూ ఉంది. దుబాసీ ఉన్నదున్నట్టు చెప్పి తీరాలనీ చట్టం అంటుంది. యాప్ తప్పు చెప్తే ఎవర్ని నిలబెడతారు? అందుకే సంతకం పెట్టే ఏ కాగితానికీ, ఆపరేషన్ ఒప్పుదలతో సహా, ట్యాబ్ వాడకూడదని కమిటీ తీర్మానించింది. ఒకరిద్దరు అనవసరమైన టెన్షన్ అన్నారు, నేను అనుకోవడం లేదు.

చదువు రానివాళ్లకి మందుల చీటీ వాళ్ల భాషలో వాయిస్ మెసేజ్‌గా పంపడం బాగా నడిచింది. ఇంటికెళ్లాక మళ్లీ మళ్లీ వింటున్నారు. దయచేసి ఆ మెసేజ్‌లు, రిపోర్టుల ఫొటోలు మన గ్రూపులో పెట్టకండి, పని అయ్యాక ఫోన్లోంచి తీసేయండి. రోగం ఊరందరికీ తెలియాల్సిన పని లేదు.

లెక్కల పత్రం కోశాధికారి గారు విడిగా పంపారు. మూడో ట్యాబ్ అడగడం లేదు, ఫోను రీచార్జీలకీ, వలంటీర్ల ఆటో చార్జీలకీ పెంచమంటున్నాను. బెంగాలీ, సంబల్‌పురి వచ్చినవాళ్లు మీ ఇంటి చుట్టుపక్కల ఎవరున్నా పరిచయం చేయండి. ఇంకోటి, రెండో ట్యాబ్ ఛార్జర్ ఫిబ్రవరి నుంచి కనపడటం లేదు, ఎవరింట్లో ఉన్నా సమావేశానికి వచ్చేటప్పుడు పట్టుకురండి.

మీ కార్యదర్శి